మాంటిస్ కుంగ్‌ఫూలో ఒక ఫామ్‌ను పూర్తిగా ఎలా నేర్చుకోవాలి, ఎలా నేర్పాలి

మాంటిస్ కుంగ్‌ఫూ నేర్చుకుంటున్నామని చెప్పగానే ఎదుటివాళ్లు అడిగే మొదటి ప్రశ్న "ఎన్ని ఫామ్‌లు వచ్చు?" ఫామ్ అంటే పోరాట కదలికలను ఒక వరసలో పేర్చిన పాఠం. ఇరవై అంటే గౌరవం, ముప్పై అంటే ఇంకా గౌరవం. ఈ లెక్క నాకు నచ్చదు. ఏడో ఎక్కం గడగడా అప్పజెప్పే పిల్లాణ్ని ఏడెనిమిదులు ఎంత అని విడిగా అడిగితే, మళ్లీ ఏడొకట్ల ఏడు నుంచి అందుకుంటాడు. వాడికి ఎక్కం వచ్చినట్టా, రానట్టా? ఫామ్ సంగతీ అంతే. మధ్యలో ఏ కదలిక అడిగినా అక్కడి నుంచి మొదలుపెట్టగలగాలి. అది ఎంత దూరంలో, ఏ దెబ్బకు జవాబుగా పనిచేస్తుందో ఎదురుగా ఒక మనిషిని నిలబెట్టి చూపించగలగాలి. అప్పుడు వచ్చినట్టు. కింద రాసిందంతా ఈ కొలతతోనే రాశాను. ఉదాహరణకు బెంగ్‌బు ఫామ్‌ను తీసుకున్నాను. చాలా శాఖల్లో మొదట్లోనే నేర్పేది అదే కాబట్టి.

ముందు మీ శాఖ ఏదో తేల్చుకోండి

మాంటిస్ అనే పేరుతో రెండు వేర్వేరు విద్యలు ఉన్నాయి. దక్షిణ మాంటిస్ హక్కా ప్రజలది. చౌ గార్, జూక్ లమ్ అనే పేర్లు వినిపిస్తే అది ఆ విద్య. నిలబడే తీరు, బలం తీసే పద్ధతి అన్నీ వేరు. ఇక్కడ చెబుతున్నది ఉత్తర మాంటిస్ గురించి. చైనాలోని షాన్‌డోంగ్ రాష్ట్రంలో లాయ్‌యాంగ్, యాన్‌తాయ్, చింగ్‌దావ్ చుట్టుపక్కల పెరిగిన విద్య ఇది. వాంగ్ లాంగ్ అనే ఆయన గొల్లభామ పురుగు వేటాడే తీరు చూసి దీన్ని కనిపెట్టాడని కథ. ఆయన ఏ కాలంవాడో ఒక్కో శాఖ ఒక్కో రకంగా చెబుతుంది, కాబట్టి కథగానే వినండి.

ఉత్తర మాంటిస్‌లో సెవెన్ స్టార్, ప్లమ్ బ్లాసమ్, తైజీ, సిక్స్ హార్మొనీ, ఎయిట్ స్టెప్ అని శాఖలున్నాయి. చైనా బయట ఎక్కువగా దొరికేది సెవెన్ స్టార్. దానికి కారణం ఒక గురువు చేసిన ప్రయాణాలు. యాన్‌తాయ్‌లో ఫాన్ షూదోంగ్ దగ్గర నేర్చుకున్న లువో గ్వాంగ్‌యూ 1919లో షాంఘైలోని జింగ్‌వు అనే యుద్ధవిద్యల సంఘానికి శిక్షకుడిగా వెళ్లాడు. ఆ తర్వాత దక్షిణాదిలో, హాంకాంగ్‌లో నేర్పాడు. అక్కడి శిష్యుల ద్వారా ఆగ్నేయాసియాకు, అమెరికాకు చేరింది. అందుకే ఒకే ఫామ్ రెండు పేర్లతో కనిపిస్తుంది. బంగ్ బో అన్నా బెంగ్‌బు అన్నా ఒకటే. లాన్ జిట్ అన్నా లాన్‌జియె అన్నా ఒకటే. మొదటివి హాంకాంగ్ ఉచ్చారణలు, అంతే.

ఇక అసలు జాగ్రత్త. బెంగ్‌బు చాలా శాఖల్లో ఉంది, కానీ ఒక శాఖ బెంగ్‌బు ఇంకో శాఖ బెంగ్‌బులా ఉండదు. ఒకే గురువు శిష్యుల్లో కూడా తేడాలుంటాయి. ఒక వీడియోలో మొదలు, ఇంకో వీడియోలో మలుపు, మూడో దాంట్లో ముగింపు కలిపి అతికించారంటే మీ దగ్గర ఉండేది ఎవరి ఫామూ కాదు. మొదటి రెండు మూడేళ్లు ఒకే గురువు, ఒకే వెర్షన్.

మొదటి మెట్టు: కాళ్లు

ఫామ్ మొదలుపెట్టకముందే స్టాన్స్‌లు, అంటే నిలబడే భంగిమలు, విడిగా సాధన చేయాలి. గుర్రం మీద కూర్చున్నట్టు నిలబడే హార్స్ స్టాన్స్, ముందు మోకాలు వంగి వెనక కాలు చాచి ఉండే దెంగ్‌షాన్ స్టాన్స్, బరువంతా వెనక కాలి మీద ఉంచి ముందు కాలి వేళ్లు మాత్రమే నేలకు తాకించే షూబు, ఆ తర్వాత ఈ శాఖ పేరే పెట్టుకున్న సెవెన్ స్టార్ స్టాన్స్.

సెవెన్ స్టార్ మీద కొంచెం ఆగుదాం, ఎందుకంటే కొత్తవాళ్లు దీన్ని ఫొటోకి పోజులా చేస్తారు. వెనక మోకాలు వంచి బరువులో ఎక్కువ భాగం దాని మీద పెట్టండి. ముందు కాలు దాదాపు తిన్నగా ఉంటుంది. మడమ నేల మీద, వేళ్లు పైకి లాగి ఉంటాయి. ఇప్పుడు ఎదురుగా ఒకరిని నిలబెట్టి, మీ ముందు పాదాన్ని అతని ముందు మడమ వెనక్కి జరపండి. మీ మోకాలి కింది ముందు ఎముకను అతని కాలికి ఆనించి కొంచెం ముందుకు ఒత్తండి. పాదం కొక్కెంలా పట్టింది, పైనుంచి ఒత్తిడి వచ్చింది, అతని మోకాలు వెనక్కి లొంగిపోతుంది. వేళ్లు పైకి ఎందుకు లాగాలో ఇక ఎవరూ చెప్పక్కర్లేదు. చాలామంది ఈ స్టాన్స్‌లో వెనక్కి వాలిపోతారు. పైన చెప్పిన ఒత్తిడి పెట్టి చూడమంటే వాళ్లే తూలి సర్దుకుంటారు.

మోకాలు ఎప్పుడూ కాలి వేళ్లు చూసే వైపే చూడాలి. లోపలికి పడితే నొప్పి ఈ రోజు రాదు, ఆరు నెలల తర్వాత వస్తుంది. టైల్స్ మీద సాక్సులతో చేయకండి. పల్చటి అడుగున్న కాన్వాస్ షూ చాలు. డాబా మీద చేసేవాళ్లు ముందు ఇసుక ఊడ్చుకోండి. నొప్పి కండరంలో ఉంటే భరించవచ్చు, కీలులో ఉంటే ఆపేయాలి.

రెండో మెట్టు: చేతులు, మనిషి ఎదురుగా

మాంటిస్ కొక్కెం చెయ్యి చూసి అందరూ ముచ్చటపడతారు. బొటనవేలు, చూపుడు వేలు కలిసి మిగతా వేళ్లు ముడుచుకునే తీరు ఒక శాఖలో ఒకలా, ఇంకో శాఖలో ఇంకోలా ఉంటుంది. దాని గురించి పేచీ పడకండి. పని చేసేది మణికట్టు, మోచెయ్యి. మోచెయ్యి కిందికి దిగి, పక్కటెముకలకు కాపలా కాస్తుంటే కొక్కెం సరిగ్గా ఉన్నట్టే. మోచెయ్యి రెక్కలా లేచిందంటే వేళ్లు ఎంత అందంగా ఉన్నా లాభం లేదు. పురుగులా కళ్లు తిప్పడం, ఒళ్లు ఊపడం ప్రదర్శనల కోసం చేసే పని. సంప్రదాయ ఫామ్‌లలో దాని అవసరం పెద్దగా లేదు.

పాత గురువులు మాంటిస్ చేతుల్ని పన్నెండు మాటలుగా చెప్పేవారు. గౌ, లౌ, త్సాయ్, గువా, దియావ్, జిన్, బెంగ్, దా, జాన్, నియాన్, తియె, కావ్. కొన్ని శాఖల్లో ఒకటి రెండు మాటలు మారతాయి. మీకు మొదట కావలసినవి మొదటి మూడు. కొక్కెం వెయ్యడం, లాగి ఊడ్చడం, తెంపినట్టు పట్టి గుంజడం. ఫామ్‌లో ఇవి వరసగా కలిసే వస్తాయి.

పార్టనర్ కుడి చేత్తో మీ ముఖం మీదికి నెమ్మదిగా గుద్దు విసరాలి. మీ కుడి మణికట్టు అతని కుడి చేతి బయటి వైపు తగులుతుంది. ఇది గౌ. ఇక్కడ గట్టిగా పట్టుకోవాలని చూడకండి, తగలడమే దాని పని. మరుక్షణం మీ ఎడమ చెయ్యి అతని మోచేతి దగ్గర పడి కిందికి ఊడుస్తుంది. ఇది లౌ. ఈలోపు కుడి చెయ్యి అతని మణికట్టును పట్టి కిందికి, మీ తుంటి వైపు గుంజుతుంది. ఇది త్సాయ్. అతని బరువు ముందు కాలి మీదికి వచ్చేసింది, మీ ఎడమ చెయ్యి ఖాళీ అయింది. గుద్దు అక్కడి నుంచి వెళ్తుంది. మీ శాఖలో చివరి దెబ్బ వేరే చేత్తో ఉండవచ్చు, కాలితోనూ ఉండవచ్చు. మిగతా లాజిక్ అదే.

ఎక్కడ చెడుతుందో చూడండి. ఎడమ చెయ్యి మోచేతి దగ్గర కాకుండా మణికట్టు దగ్గరే పడితే, అతను మోచెయ్యి మడిచి మీ ముఖం మీదికే తెస్తాడు. సరిగ్గా మోచేతి మీద పడితే అతని శరీరం కొంచెం తిరిగి, రెండో చెయ్యి మీకు అందకుండా పోతుంది. ఆ రెండంగుళాల తేడాయే మొత్తం టెక్నిక్. ఒంటరిగా గాల్లో ఎన్ని వేలసార్లు చేసినా ఇది తెలియదు.

ఇంకొకటి. గౌ తగలగానే అతను చెయ్యి వెనక్కి లాగేసుకుంటే? పట్టుకోవడానికి వెంటపడకండి. తగిలిన చెయ్యి అతని చేతికి అంటుకునే ఉండి దానితో పాటే లోపలికి వెళ్లాలి, కాలు ముందుకు పడాలి, పిడికిలి వెనక భాగంతో ముఖం మీదికి దెబ్బ వెళ్లాలి. పన్నెండు మాటల్లో జాన్ (తగలడం), నియాన్ (అంటుకోవడం), జిన్ (ముందుకు వెళ్లడం), బెంగ్ (ఆ చివరి దెబ్బ) అన్నవి ఇందులోనే ఉన్నాయి. ఫామ్‌లో ఒక కదలిక తర్వాత ఇంకోటి ఎందుకు వచ్చిందో చాలాసార్లు ఇలాగే బయటపడుతుంది. మొదటిది ఫెయిలైతే చేయాల్సింది రెండోదిగా పెట్టి ఉంటుంది.

మూడో మెట్టు: ఫామ్ నేర్చుకోవడం

ఫామ్‌ను ముక్కలు చేసుకోండి. దిశ మారిన చోట ఒక ముక్క తెగుతుంది. ఒక్కో ముక్కను మొదట కాళ్లతో మాత్రమే నడవండి, చేతులు నడుము మీద పెట్టుకుని. దారి కాళ్లకు తెలిశాక చేతులు కలపండి. చూపు చివర్లో కలుస్తుంది. మెడ ముందుగా తిరిగి, ఆ తర్వాత శరీరం తిరగాలి. నేల చూస్తూ చేసేవాళ్లకు మలుపుల దగ్గర తూలు ఆగదు.

మొదటి నెల బలం పెట్టకండి. వేగంగా చేస్తే తప్పులు కనబడవు, అందుకే అందరికీ వేగం ఇష్టం. మొత్తం ఫామ్ సగం వేగంతో, ఎక్కడా ఊగకుండా చేయగలిగాకే స్పీడు పెంచండి.

గదిలో ఎప్పుడూ ఒకే గోడ చూస్తూ చేస్తుంటే మెదడు కదలికలను గోడతో కలిపి గుర్తుపెట్టుకుంటుంది. వారానికోసారి ముఖం పెట్టే దిక్కు మార్చండి. వరస తడబడితే అది ఇంకా ఒంటికి పట్టలేదని అర్థం. అద్దం ముందు చేయడం కూడా తగ్గించండి. అద్దం చూసుకునే కళ్లు ఎదుటి మనిషిని చూడవు. దాని బదులు ఫోన్ స్టాండు మీద పెట్టి పక్క నుంచి ఒకసారి, ఎదురు నుంచి ఒకసారి రికార్డ్ చేయండి. పక్క నుంచి తీసిన వీడియోలో వెన్ను వాలడం, తుంటి లేవడం దొరికిపోతాయి.

ఒక నోట్‌బుక్ పెట్టుకోండి. చైనాలో పాత గురువుల దగ్గర ఉండే ఫామ్ పుస్తకాల్లో చాలావరకు కదలికల పేర్లు వరసగా ఉంటాయి, బొమ్మలుండవు. అర్థం గురువు నోటే వినాలి. మీ పుస్తకంలో ప్రతి కదలికకు మూడు సంగతులు రాసుకోండి. దాని పేరు, స్టాన్స్, పన్నెండు మాటల్లో ఏది. మూడోది రాయలేని కదలిక ఎక్కడ తగిలితే, తర్వాతి క్లాసులో అడగాల్సిన ప్రశ్న అక్కడ దొరికినట్టు.

వరస నోటికి వచ్చాక మధ్య నుంచి మొదలుపెట్టడం అలవాటు చేయండి. చీటీల మీద ముక్కల నంబర్లు రాసి, ఏది వస్తే అక్కడి నుంచి. మొదట్లో చిరాకు వేస్తుంది.

నాలుగో మెట్టు: విప్పడం

ఫామ్‌ను విప్పి చూడటానికి చైనీయులు ఉపయోగించే పద్ధతి సులువే, ఓపిక కావాలి. ఒక కదలిక తీసుకోండి. ఎదుటివాడు ఏం చేస్తుంటే ఇది పుడుతుంది? ఇది పూర్తయ్యాక అతను ఎక్కడ ఉంటాడు? అతను లొంగకపోతే? మూడో ప్రశ్నకు జవాబు ఫామ్‌లోనే తర్వాత ఉందేమో ముందు చూడండి, లేకపోతే గురువుని అడగండి.

పార్టనర్‌తో మెట్లు మెట్లుగా కష్టం పెంచండి. మొదట నిలబడి, చెప్పిన గుద్దే, నెమ్మదిగా. తర్వాత అడుగు వేస్తూ. తర్వాత గుద్ది వెంటనే చెయ్యి వెనక్కి లాగుతూ. తర్వాత రెండో చెయ్యి కూడా కలిపి. చివర్న ఏ చేత్తో వస్తుందో చెప్పకుండా. ఏ మెట్టు దగ్గర టెక్నిక్ విరిగిపోతుందో ఆ మెట్టు కిందికి దిగి అక్కడ వారం ఉండండి. గొంతు, కళ్లు, గజ్జల మీదికి వెళ్లే దెబ్బలు మాంటిస్‌లో చాలానే ఉన్నాయి. వాటిని ఒక జానెడు ముందే ఆపడం నియమంగా పెట్టుకోండి, సరదాకైనా దాటొద్దు.

సెవెన్ స్టార్‌లో బెంగ్‌బుకు లింగ్ బెంగ్‌బు అనే ఇద్దరు చేసే ఫామ్ ఉంది. మీ గురువుకు వస్తే అడిగి నేర్చుకోండి. రాకపోతే ఒక్కో ముక్కకు మీ క్లాసులోనే అలాంటి జత తయారు చేసుకోవచ్చు.

నేర్పేవాళ్లకు

ఇక్కడ నా అభిప్రాయం కొందరికి నచ్చకపోవచ్చు. ఒకటి, రెండు, మూడు అని ఒక్కో కదలికకు లెక్కపెట్టి నేర్పడం మాంటిస్‌ను చెడగొడుతుంది. యాభై మంది క్లాసుకు అది సులువే. జింగ్‌వు లాంటి పెద్ద సంఘాల్లో తాన్‌త్వే అనే ఫామ్ మొదలుకొని పది ప్రాథమిక ఫామ్‌లు అందరికీ ఉమ్మడిగా నేర్పేవారు, అంతమందికి లెక్క అవసరమే. కానీ మాంటిస్ చేతులు గుత్తులుగా వస్తాయి. గౌ, లౌ, త్సాయ్, దెబ్బ నాలుగూ ఒకే ఊపిరిలో పోవాలి, ఆ తర్వాత ఒక్క క్షణం విరామం. నాలుగు అంకెలు లెక్కపెడితే నాలుగు చోట్ల ఆగే అలవాటు పిల్లల ఒంట్లో ఉండిపోతుంది, తర్వాత ఎంత మొత్తుకున్నా పోదు. గుత్తికొక అంకె చెప్పండి. లెక్క ఆపి చప్పట్లు కొట్టినా మంచిదే.

చూపించేటప్పుడు విద్యార్థులకు వీపు పెట్టి నిలబడండి, కుడి ఎడమల గందరగోళం ఉండదు. మూడుసార్లు చూపించండి. ఒకసారి మామూలు వేగంతో మాటల్లేకుండా, ఒకసారి నెమ్మదిగా కాళ్ల గురించి చెబుతూ, ఒకసారి ఒక విద్యార్థిని ముందు నిలబెట్టి దాని పని చూపిస్తూ. మూడోది చాలామంది "సీనియర్లకు తర్వాత" అని దాచిపెడతారు. మొదటి రోజే చూపించండి. ఎందుకో తెలిసిన చెయ్యి తప్పుగా పోవడం తక్కువ.

సరిచేసేటప్పుడు ఒకసారికి ఒకటే. పాదం, మోకాలు, తుంటి, ఆ తర్వాతే చెయ్యి. కింద సర్దితే పైన సగం తప్పులు వాటంతటవే పోతాయి. ఒంటి మీద చెయ్యి వేసి సర్దాలంటే ముందు అడగండి, ముఖ్యంగా ఆడపిల్లలను, కొత్తవాళ్లను. చేత్తో కాకుండా కర్రతో తాకి చూపించినా పని జరుగుతుంది.

పిల్లలకు లోతైన స్టాన్స్‌లో ఎక్కువసేపు నిలబడే శిక్షలు వద్దు. చిన్న ముక్క, జతలో ఆట, మళ్లీ ముక్క. తల్లిదండ్రులు "తర్వాతి బెల్ట్ ఎప్పుడు మాస్టారూ?" అని అడుగుతారు. పాత మాంటిస్‌లో రంగుల బెల్టులు లేవు, అవి తర్వాత వచ్చినవి. బెల్ట్ ఇవ్వడంలో తప్పేమీ లేదు, కానీ బెల్టుకొక కొత్త ఫామ్ అని ముడిపెట్టకండి. పెట్టారా, ఏడాదికి నాలుగు ఫామ్‌లు సగం సగం నేర్పాల్సి వస్తుంది.

కొత్త ఫామ్ ఎప్పుడివ్వాలి? నేను చూసేవి ఇవి. మీరు చెప్పిన చోట నుంచి మొదలుపెట్టగలుగుతున్నాడా? దిక్కు మార్చినా తడబడకుండా ఉన్నాడా? ఫామ్‌లోంచి తనకు నచ్చిన అయిదు కదలికలు లొంగని పార్టనర్ మీద పనిచేయించగలుగుతున్నాడా? కొత్తగా చేరినవాడికి మొదటి ముక్క నేర్పగలుగుతున్నాడా? చివరిది అన్నిటికన్నా గట్టి పరీక్ష. నేర్పుతున్నప్పుడు నోట్లో నీళ్లు నమిలిన చోట తనకే సందేహం ఉందని తేలిపోతుంది. ఇవన్నీ అయ్యాక లాన్‌జియె ఫామ్, ఆపైన బాజౌ. బాజౌ మోచేతుల ఫామ్, చాలా దగ్గరి దూరంలో పనిచేసేది. బెంగ్‌బుతో దూరం అర్థమైనవాళ్లకే అది రుచిస్తుంది. ప్లమ్ బ్లాసమ్ శాఖవాళ్లైతే ఆరు భాగాల జాయ్‌యావ్ ఫామ్‌కు ఎప్పుడు వెళ్లాలో గురువు మాట వినండి, తొందర లేదు.

ఫామ్‌లో మీరు ఏదైనా మార్చితే, అది మోకాలు నొప్పి వల్ల కావచ్చు, క్లాసు చిన్నగా ఉండటం వల్ల కావచ్చు, విద్యార్థులకు చెప్పండి. "నాకు వచ్చింది ఇలా, నేను మార్చింది ఇక్కడ" అని. నోట్‌బుక్‌లో రెండూ రాయించండి. రెండు తరాలయ్యాక మీ మోకాలు నొప్పిని రహస్య టెక్నిక్ అని ఎవరో వివరించకుండా ఉంటుంది.

గురువు వేరే ఊళ్లో ఉంటే

మన దగ్గర చాలామందికి ఇదే పరిస్థితి. ఊళ్లో కరాటే, వూషూ నేర్పేవాళ్లు దొరుకుతారు, మాంటిస్ గురువు ఏడాదికి ఒకటి రెండుసార్లు సెమినార్‌కే దొరుకుతాడు. సెమినార్‌లో కొత్త ఫామ్ అడగకుండా, పాత ఫామ్‌లో ఒక ముక్కను సరిచేయించుకోండి. మిగతా ఏడాది ఆ ముక్కే మీ సిలబస్. గురువుకు వీడియో పంపేటప్పుడు ఫామ్ మొత్తం పంపకండి, చూడటానికి ఆయనకు తీరిక ఉండదు. ఒక్క ముక్క, పక్క నుంచి, ఎదురు నుంచి, ఆ తర్వాత అదే ముక్క పార్టనర్ మీద చేస్తూ. కింద ఒకే ఒక ప్రశ్న రాయండి. "ఎలా ఉంది సార్?" అని పెడితే "బాగుంది" అని జవాబు వస్తుంది. "లౌ చేసేటప్పుడు నా ఎడమ చెయ్యి మోచేతి పైన పడుతోందా, కింద పడుతోందా?" అని అడిగితే ఆయన వీడియో ఆపి చూడాల్సి వస్తుంది.